లాటిన్ వదిలేసిన చెయ్యి: ఐబీరియా భాషల్లో ‘ఎడమ’

లిస్బన్‌లో పాత అపార్ట్‌మెంట్ల గుమ్మం పక్కన కాలింగ్ బెల్ బటన్లు రెండు వరసల్లో ఉంటాయి. అంతస్తు నంబరు పక్కన మూడేసి అక్షరాలే రాసి ఉంటాయి. ఒక వరసలో ఈ-ఎస్-క్యూ, రెండో వరసలో డీ-టీ-ఓ. పోర్చుగీసులో ‘ఎష్కేర్దు’, ‘దిరేయ్తు’ అనే మాటలకు అవి పొట్టి రూపాలు. మెట్లెక్కి పైకి వెళ్తే ఎడమ చేతివైపు తలుపు, కుడి చేతివైపు తలుపు అని అర్థం. ఉత్తరాల మీద అడ్రసు కూడా ఇలాగే రాస్తారు. మాడ్రిడ్‌లోనూ ఇదే పద్ధతి. కాకపోతే అక్కడి మాటలు ‘ఇస్కియెర్దా’, ‘దెరేచా’.

ఒకే మెట్ల దగ్గర ఎదురెదురుగా ఉండే ఈ రెండు తలుపుల పేర్లు ఒక కాలానివి కావు. కుడికి ఉన్న మాట రోమన్ల వెంట వచ్చింది. ఎడమకు ఉన్న మాట రోమన్లు రాకముందు నుంచీ ఆ గడ్డ మీదే ఉంది.

ఐబీరియా ద్వీపకల్పం అంటే ఇవాళ్టి స్పెయిన్, పోర్చుగల్. అక్కడి భాషల్లో ఈ మాటను వరసగా పెట్టి చూడండి. స్పానిష్‌లో ఇస్కియెర్దా. పోర్చుగీసులో, దాని తోబుట్టువైన గలీసియన్‌లో ఎస్కేర్ద (లిస్బన్‌లో ‘స’ కాస్తా ‘ష’ అయి ఎష్కేర్ద). బార్సిలోనా వైపు మాట్లాడే కతలాన్‌లో ఎస్కెర్ర. ఉత్తరాన పిరెనీస్ కొండల మొదట్లో మాట్లాడే బాస్క్ భాషలో ఎస్కెర్. ‘ఆ ఎడమ’ అని ఫలానాదాన్ని చూపించి చెప్పాలంటే బాస్క్‌లో చివర ‘అ’ చేరి ఎస్కెర్ర అవుతుంది. కొండలకు అవతల, ఫ్రాన్స్ వైపున్న గాస్కన్ యాసలోనూ ఎస్కెర్ అనే అంటారు.

ఇందులో వింతేముంది, పక్కపక్క భాషలే కదా అనిపించవచ్చు. వింత బాస్క్‌తోనే ఉంది. స్పానిష్, పోర్చుగీసు, కతలాన్ లాటిన్‌కు పుట్టిన బిడ్డలు. బాస్క్‌కు లాటిన్‌తో చుట్టరికం లేదు. ఆ మాటకొస్తే ప్రపంచంలో బతికున్న ఏ భాషతోనూ దానికి చుట్టరికం ఉందని ఇంతవరకూ రుజువు కాలేదు. తెలుగుకు తమిళం, కన్నడం, గోండీ ఉన్నట్టు దానికి అక్కచెల్లెళ్లు లేరు. క్రీ.పూ. 218లో రోమన్ సైన్యం ఐబీరియాలో దిగింది. ద్వీపకల్పం మొత్తం లొంగడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. ఆ తర్వాత లాటిన్ అక్కడి పాత భాషలను ఒక్కొక్కటిగా మింగేసింది. మిగిలింది బాస్క్ ఒక్కటే. అలాంటి చోట తల్లి, తండ్రి, చెయ్యి, కాలు, కుడి అన్నీ లాటిన్ నుంచే తెచ్చుకున్న స్పానిష్, ఎడమ దగ్గరికి వచ్చేసరికి లాటిన్ మాటను పక్కన పెట్టి స్థానిక మాట పట్టుకుంది. ఎందుకు?

లాటిన్‌లో ఎడమకు ‘సినిస్టర్’ అనే మాట ఉండేది. శకునాలు చూసే రోమన్ పూజారులు దక్షిణం వైపు తిరిగి నిలబడేవారు. అప్పుడు సూర్యుడు ఉదయించే తూర్పు వాళ్లకు ఎడమ చేతివైపు ఉంటుంది. కాబట్టి మొదట్లో రోమన్లకు ఎడమ శుభమే. గ్రీకుల లెక్క దీనికి తలకిందులు. వాళ్లు ఉత్తరం వైపు చూస్తారు, తూర్పు కుడిచేతికి వస్తుంది, ఎడమ అశుభం అవుతుంది. మనకూ ఇలాంటి లెక్కే ఒకటుంది. తూర్పు ముఖంగా నిలబడితే కుడిచేతివైపు వచ్చే దిక్కు దక్షిణం. సంస్కృతంలో దక్షిణం అంటే కుడి అని కూడా అర్థం. అందుకే గుడి చుట్టూ తిరిగేది ప్రదక్షిణ, దేవుడు మన కుడివైపు ఉండేలా. ముఖం ఎటు తిప్పి నిలబడ్డారన్నదాన్ని బట్టే ఏ చెయ్యి మంచిదో తేలిపోయింది.

గ్రీకుల లెక్క రోముకూ పాకింది. సినిస్టర్‌కు చెడు వాసన అంటుకుంది. తర్వాత క్రైస్తవం వచ్చింది. తీర్పు రోజున గొర్రెలను కుడివైపు, మేకలను ఎడమవైపు నిలబెట్టే మత్తయి సువార్త 25వ అధ్యాయం తెలుగు బైబిల్ చదివినవాళ్లకు కొత్త కాదు. ఎడమవైపు వాళ్లకు దక్కేది నిత్యాగ్ని. లాటిన్ బైబిల్‌లో ఆ ఎడమకు వాడిన మాట సినిస్టర్ నుంచి వచ్చిందే.

స్పానిష్‌లో మనకు మిగిలిన మొదటి పెద్ద కావ్యం ‘మియో సిద్’ 1200 ప్రాంతానిది. దాని మొదట్లోనే ఒక శకునం ఉంది. రాజు దేశబహిష్కారం విధిస్తే వీరుడు సిద్ తన ఊరు వివార్ నుంచి బయల్దేరతాడు. ఊరు దాటేటప్పుడు కాకి కుడివైపు కనిపిస్తుంది. బుర్గోస్ పట్నంలో అడుగుపెట్టేటప్పుడు ఎడమవైపు కనిపిస్తుంది. ఆ ఎడమకు కవి వాడిన మాట ‘సినియెస్త్ర’. అంటే అప్పటికి లాటిన్ మాట ఇంకా చావలేదు. కానీ శకునం గురించి చెప్పే చోట వాడారంటే ఆ మాట మీద ఎంత బరువు పడిందో ఊహించుకోవచ్చు. బల్లకు ఎడమవైపు గిన్నె ఉంది అని చెప్పడానికి కూడా కీడు గుర్తుచేసే మాటే వాడాలంటే ఎవరికైనా నోరు రాదు.

మాటకు దోషం అంటుకుంటే జనం దాన్ని తప్పించుకుని ఇంకో మాట అంటారు. మనం పాము పేరెత్తకుండా ‘పురుగు’ అన్నట్టు, దీపం ఆర్పమనకుండా ‘కొండెక్కించు’ అన్నట్టు. ఎడమ విషయంలో చాలా జాతులు ఇదే చేశాయి. గ్రీకులు దాన్ని ‘మంచి పేరున్నది’ అన్నారు. సంస్కృతంలో వామం అంటే ఎడమ, అందమైనది కూడా. వామాక్షి అంటే ఎడమ కన్ను గల ఆవిడ కాదు, అందమైన కళ్లున్న ఆవిడ. ఫ్రెంచివాళ్లు సినిస్టర్ పోలికలున్న పాత మాటను వదిలేసి ‘గోష్’ తెచ్చుకున్నారు. రొమేనియన్లు అలసిపోయింది అనే అర్థం నుంచి ‘స్తింగ’ చేసుకున్నారు. ఇటలీ వాళ్లు మాత్రం సినిస్త్రాతోనే ఇప్పటికీ నడిపిస్తున్నారు. మన పల్లెల్లో కూడా చూడండి. కుడికి మామూలు మాటల్లో కుడి ఒక్కటే గట్టిగా నిలబడింది, కుడుచు అంటే తినడం, తాగడం కాబట్టి తినే చెయ్యే కుడి అయిందని చెబుతారు. ఎడమకేమో ఎడమ, పుర్ర, నాగలికి కట్టే జతలో దాపటెద్దు అనేటప్పటి దాపట, ఇలా ఎన్నో మాటలు. ఎడమ ఒక మాట దగ్గర స్థిరంగా నిలవదు.

ఐబీరియా జనానికి ఆ అవసరం వచ్చినప్పుడు చేతికందిన మాట, పొరుగున బతికున్న పాత భాషది. దానికి ఏ పూజారీ శకునం అంటగట్టలేదు. ఏ గ్రంథంలోనూ నరకం పక్కన నిలబడలేదు.

ఇక ఆ మాట లోపలి అర్థం ఏమిటన్నది అసలు చిక్కు. బాస్క్‌లో చేతిని ‘ఎస్కు’ అంటారు. కుడికి ‘ఎస్కుయిన్’ అంటారు, అందులో చెయ్యి స్పష్టంగా కనిపిస్తుంది. దాంతో ఎస్కెర్‌లో కూడా ఎస్కు ఉందని, దానికి ‘సగం’ అనే మాటో ‘వంకర’ అనే మాటో అతికిందని, సగం చెయ్యి లేదా వంకర చెయ్యి అని అర్థం వస్తుందని కొందరు చెప్పారు. వినడానికి బాగుంది. ఇంటర్నెట్‌లో చాలా చోట్ల అదే నిజమన్నట్టు కనిపిస్తుంది కూడా. నేను మాత్రం నమ్మను. కారణం ఒక్క అక్షరం.

బాస్క్‌లో రెండు ‘స’లు ఉన్నాయి. ఒకటి నాలుక కొసతో పలికేది, దాన్ని ఎస్ అక్షరంతో రాస్తారు. రెండోది నాలుక ముందు పలకతో, కొసను కింది పళ్ల వైపు ఉంచి పలికేది, దాన్ని జెడ్ అక్షరంతో రాస్తారు. బయటివాళ్ల చెవికి రెండూ ఒకటే. బాస్క్ వాళ్లకు కాదు. మనకు ‘చలి’లో చ వేరు, ‘చిలుక’లో చ వేరు. తెలుగు రానివాళ్లు చలిని చిలుకలోని చ పెట్టి పలికితే వెంటనే చెవికి తగులుతుంది. అలాగన్నమాట. చెయ్యి అనే ఎస్కులో ఉన్నది మొదటి రకం స. ఎడమ అనే ఎస్కెర్‌లో ఉన్నది రెండో రకం. ఒకే మాట నుంచి పుట్టి ఉంటే ఈ తేడా ఎందుకొచ్చిందో చెప్పాలి. సరిపడా జవాబు దొరకలేదు. కాబట్టి ఎడమ అనేది విడగొట్టి అర్థం చెప్పగల మాట కాదు, అది అంతే, ఒక ముద్ద, అనుకోవడమే న్యాయం.

స్పానిష్‌లో ఇది ఎంత పాతదో తెలుసుకోవడానికి ఇంకో మంచి ఆనవాలు ఉంది. లాటిన్‌లో నేలను ‘తెర్ర’ అంటారు. పోర్చుగీసులో, కతలాన్‌లో అది తెర్రగానే ఉంది. స్పానిష్‌లో మాత్రం ‘తియెర్ర’ అయింది. మాటలో ఊనిక పడే చోట ఉన్న ‘ఎ’ స్పానిష్ నోట్లో సాగి ‘ఇయె’ అయింది. ఇప్పుడు ఎడమను చూడండి: పోర్చుగీసులో ఎస్కేర్ద, కతలాన్‌లో ఎస్కెర్ర, స్పానిష్‌లో ఇస్కియెర్ద. తెర్ర, తెర్ర, తియెర్ర ఎలాగో అచ్చం అలాగే. అంటే ఆ సాగదీత జరిగే నాటికే ఈ మాట జనం నోళ్లలో ఉంది. లాటిన్ మాటలతో పాటు అదీ సాగింది. స్పానిష్ రాతలోకి ఎక్కక ముందు సంగతి ఇది.

బాస్క్ మాట ఒకటి ఇలా సాగిన సంగతి మనకు బాగా దగ్గరగానే ఉంది. స్పెయిన్ ఉత్తరాన ఉన్న నవార్రాలో ఒక కోట ఉంది. బాస్క్‌లో ఇల్లు ‘ఎచె’, కొత్త ‘బెర్రి’. ఎచెబెర్రి అంటే కొత్తిల్లు. ఆ కోట పేరు అదే. మొదటి భాగం అరిగిపోయి, రెండో భాగంలోని ‘ఎ’ సాగి ‘ఇయె’ అయి, అది హవియెర్ అయింది, పాత పలుకుబడిలో షవియెర్. 1506లో అక్కడ పుట్టిన ఫ్రాన్సిస్ 1542లో గోవాలో దిగాడు, 1552లో చైనా తీరంలోని ఒక దీవిలో చనిపోయాడు. ఆయన భౌతికకాయం గోవాలోని బామ్ జీసస్ బాసిలికాలో ఉంది. మనకు ఆయన సెయింట్ జేవియర్. మన కథోలిక కుటుంబాల్లో శౌరి, శౌరయ్య, శౌరమ్మ అనే పేర్లు ఆయన మీద పెట్టుకున్నవే. ఆ పేర్ల మూలంలో ఉన్నది ఒక బాస్క్ కొత్తిల్లు. బెర్రి వియెర్‌గా మారిన దారిలోనే కెర్ర కియెర్దగా మారింది.

అయితే బాస్క్ నుంచే అందరూ తీసుకున్నారా? కస్తీలియా, అంటే స్పానిష్ పుట్టిన ప్రాంతం, బాస్క్ పల్లెలను ఆనుకునే ఉంది. అక్కడివాళ్లు తీసుకున్నారంటే సరే. కతలాన్, గాస్కన్ కూడా పిరెనీస్ పక్కవే. కానీ పోర్చుగీసు, గలీసియన్ ద్వీపకల్పానికి అటు చివర, అట్లాంటిక్ ఒడ్డున పుట్టాయి. బాస్క్ అంత దూరం ఎలా వెళ్లింది? కస్తీలియా ద్వారా పాకిందని ఒక వాదం. కతలోనియాకు చెందిన పెద్ద నిఘంటుకారుడు జువాన్ కొరోమినెస్ (1905–1997) అభిప్రాయం వేరు. పిరెనీస్‌కు అటూ ఇటూ రోముకు ముందు మాట్లాడిన పాత భాష ఏదో ఒకటి ఉంది, ఆ ఊట నుంచే బాస్క్‌కూ మిగతావాటికీ ఈ మాట వచ్చింది, అన్నాడాయన. నాకు ఈ రెండోదే నమ్మబుద్ధేస్తుంది. బాస్క్ ఇంట్లో ఒక పాత్ర కనిపించినంత మాత్రాన అది చేసింది బాస్క్ వాళ్లే కానక్కర్లేదు. ఊరంతా వాడిన పాత్ర ఆ ఇంట్లో భద్రంగా మిగిలి ఉండొచ్చు.

పక్కన పెట్టిన సినిస్టర్ ఏమైంది? చావలేదు. చెడుకు మాత్రమే మిగిలింది. స్పెయిన్‌లో మీ కారుకు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు వాళ్లు ఇచ్చే ఫారం మీద ఉండే మాట ‘సినియెస్త్రో’. ప్రమాదం, నష్టం అని అర్థం. కారు బాగుచేయడానికి పనికిరాకుండా పోతే ‘సినియెస్త్రో తొతాల్’. పోర్చుగల్‌లోనూ ‘సినిష్త్రు’ అనే అంటారు. కుడికి ఉన్న పాత మాట ‘దియెస్త్రో’కు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అదృష్టం పట్టింది. పనితనం ఉన్నవాడు అని అర్థం, ఎద్దుల పోరులో కత్తి పట్టే యోధుడికి అదే బిరుదు.

కొత్తగా వచ్చిన ఎడమకు కూడా పాత అపవాదు కొంత అంటుకోకపోలేదు. పొద్దున్నుంచీ అన్నీ ఎదురు తిరుగుతుంటే స్పెయిన్‌లో ‘ఎడమ కాలితో మంచం దిగావా’ అంటారు. పోర్చుగల్‌లో మంచి మొదలు పెట్టాలంటే ‘కుడికాలు పెట్టి లోపలికి రా’ అంటారు. ఆ మాట అక్షరాలా మన ఇళ్లలో కొత్తకోడలికి గుమ్మం దగ్గర చెప్పేదే. లెక్కలోకి రాని మనిషిని స్పానిష్, పోర్చుగీసు, కతలాన్ మూడింటిలోనూ ‘ఎడమ పక్క సున్నా’ అంటారు. అంకెకు కుడివైపు సున్నా పెడితే విలువ పది రెట్లు, ఎడమవైపు ఎన్ని పెట్టినా ఏమీ లేదు. ఈ సామెత పుట్టాలంటే ముందు అక్కడికి సున్నా రావాలి. అది భారతదేశంలో పుట్టి అరబ్బుల చేతుల మీదుగా ఐబీరియా చేరింది.

కానీ స్పానిష్‌లో ఒక్క మాట నాకు చాలా ఇష్టం. ‘మానో ఇస్కియెర్దా’ అంటే ఎడమ చెయ్యి. ఫలానా ఆవిడకు ఎడమ చెయ్యి ఉంది అంటే, గొడవ పెరగకుండా, ఎవరి మనసూ నొప్పించకుండా పని చక్కబెట్టే నేర్పు ఉందని అర్థం. నాది పుర్రచేతి వాటం. పలక మీద ఎడమ చేత్తో రాస్తుంటే బలపం తీసి కుడి చేతిలో పెట్టిన రోజులు గుర్తున్నాయి. ప్రసాదానికి ఎడమ చెయ్యి చాచి చిన్నబోయిన రోజులూ గుర్తున్నాయి. ఎడమ చెయ్యి ఉండటమే ఒక మెప్పు అయిన భాష ఉందని తెలిసినప్పుడు కడుపు నిండినట్టు అనిపించింది.

ఎడమచేతి వాటం వాళ్లను పిలిచే దగ్గర మాత్రం ఈ భాషలు విడిపోతాయి. కతలాన్‌లో ఎస్కెర్రా, బాస్క్‌లో ఎస్కెర్తి. రెండూ అదే వేరు నుంచి వచ్చినవి. స్పానిష్‌లో సుర్దో, పోర్చుగీసులో కన్యోతు. ఈ కన్యోతు అనే మాట సైతానుకూ వాడతారు. బలవంతాన కుడిచేతికి మార్చిన పిల్లలను స్పానిష్‌లో ‘సుర్దో కొంత్రరియాదో’ అంటారు, అంటే తన వాటానికి ఎదురు నడిపించిన ఎడమచేతి మనిషి అని. ఆ అనుభవానికి ఒక పేరు ఉండటం కూడా చిన్న విషయం కాదు.

రాజకీయాల్లో ఎడమ సంగతి అందరికీ తెలిసిందే. 1789లో ఫ్రాన్స్ సభలో రాజు అధికారాన్ని తగ్గించాలన్నవాళ్లు అధ్యక్షుడికి ఎడమవైపు కూర్చున్నారు, అక్కడి నుంచి లోకమంతా పాకింది. మనం వామపక్షం అన్నాం. ఐబీరియాలో ఆ పాత మాటే పార్టీల పేర్లకెక్కింది. 1931లో పుట్టిన ఎస్కెర్ర రిపబ్లికానా దె కతలూన్య, 1986లో ఇస్కియెర్దా ఉనీదా, 1999లో పోర్చుగల్‌లో బ్లోకు ద ఎష్కేర్ద. కతలోనియాలో ఊరికే ‘ఎస్కెర్ర’ అంటే చాలు, ఏ పార్టీయో తెలిసిపోతుంది.

ఊళ్ల పటం మీద ఈ మాట ఎలా వాలిందన్నది నన్ను ఇంకా ఎక్కువ పట్టుకుంది. బార్సిలోనా పాత కోటగోడలు దాటి పెరిగినప్పుడు ఇల్దెఫోన్స్ సెర్దా అనే ఇంజనీరు 1859లో గళ్ల గళ్లగా కొత్త నగరం గీశాడు. దాన్ని ఎషాంప్ల అంటారు. సముద్రానికి వీపు పెట్టి కొండవైపు చూస్తే ఎడమవైపు సగం ఎస్కెర్ర, కుడివైపు సగం ద్రేత. డబ్బున్నవాళ్ల మేడలు కుడివైపు లేచాయి. ఊరికి కావాలి కానీ ఇంటి పక్కన వద్దు అనుకునేవన్నీ ఎడమవైపుకు చేరాయి. పశువధశాల, పెద్దాసుపత్రి, 1904లో తెరిచిన మోడల్ జైలు. జైలు 2017లో మూతపడింది. పశువధశాల చోట ఇప్పుడు పార్కు ఉంది. వీధుల పేర్లలో, పేటల పేర్లలో ఎస్కెర్ర అలాగే ఉంది.

బాస్క్ సీమలోని బిల్బావో నగరంలో ఇది ఇంకా గట్టిగా కనిపిస్తుంది. నెర్వియోన్ నది ఊరి గుండా సముద్రం వైపు పారుతుంది. నీళ్లు వెళ్లే దిక్కుకు ముఖం పెడితే ఎడమ ఒడ్డున బరకాల్దో, సెస్తావో, పోర్తుగలేతే. ఇనుము కరిగించే కొలుములు, పడవలు కట్టే యార్డులు, స్పెయిన్ నలుమూలల నుంచి పనికోసం వచ్చిన కూలీల ఇళ్లు. కుడి ఒడ్డున గెచోలో యజమానుల బంగళాలు. ఎడమ ఒడ్డుకు స్పానిష్‌లో ‘మార్హెన్ ఇస్కియెర్దా’, బాస్క్‌లో ‘ఎస్కెర్రాల్దెయా’. పని కోసం వచ్చినవాళ్లకు బాస్క్ రాదు.  అయినా ఈ ఒడ్డు పేరు ఏ భాషలో చెప్పినా నోట వచ్చేది ఆ పాత ఎడమే. ఆ రెండు ఒడ్లనూ 1893 నుంచి ఒక ఇనుప వంతెన కలుపుతోంది. పైన ఎత్తుగా అడ్డ దూలం, దాని నుంచి ఇనుప తాళ్లకు వేలాడే పెట్టె. పెద్ద ఓడలు కింద నుంచి దూరిపోవాలని అలా కట్టారు. మనుషులు, సైకిళ్లు, కార్లు ఎక్కితే పెట్టె నీళ్ల మీదుగా జారుతూ అవతలకు చేరుస్తుంది. ఇప్పటికీ రోజూ తిరుగుతోంది, ఎస్కెర్రాల్దెయా నుంచి గెచోకు, గెచో నుంచి ఎస్కెర్రాల్దెయాకు.